గురువుతో విభేదించి తెచ్చుకున్న పట్టా

1908లో మద్రాసులో ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. రాసింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. ఎం.ఏ. కోసం రాసిన థీసిస్ అది. వేదాంతంలో నీతికి చోటుందా, ఉంటే దానికి తాత్విక పునాది ఏమిటి అన్నది విషయం. రాసిన మనిషికి అప్పుడు ఇరవయ్యేళ్ళు. పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్.

వేదాంతానికీ నీతికీ పొసగదని ఆ రోజుల్లో మిషనరీలు తరచూ అనేవారు. లోకమే మాయ అనుకునేవాడికి పక్కవాడి ఆకలి ఎందుకు పడుతుంది, ఆత్మ పాపపుణ్యాలకు అతీతమైతే మంచిపని చెయ్యాల్సిన అవసరమేముంది అని వాళ్ళ ప్రశ్న. రాధాకృష్ణన్ థీసిస్ ఆ ప్రశ్నకే జవాబు. దాన్ని చదవాల్సిన ప్రొఫెసర్లేమో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు. అంటే ఎవరి వాదం తప్పని రాశాడో వాళ్ళ చేతుల్లోనే కాగితాలు పెట్టాడన్నమాట. వాళ్ళు చదివారు, మెచ్చుకున్నారు. ఎ.జి. హాగ్ అనే ప్రొఫెసర్, ఈ కుర్రాడికి తాత్విక సమస్య అన్ని వైపులనుంచీ అర్థమైందనీ, చిక్కు వాదాన్ని తేలిగ్గా నడిపించగలడనీ సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఈ కథ టీచర్స్ డే ఉపన్యాసాల్లో మనం చాలాసార్లు విన్నదే. అక్కడ ఇది శిష్యుడి గొప్పతనం కథ. నాకు మాత్రం హాగ్ మీద ఆసక్తి ఎక్కువ. తన మతం చేస్తున్న విమర్శకు ఎదురు రాసినవాణ్ని పైకి ఎత్తే అలవాటు ఒక క్రైస్తవ కాలేజీకి ఎక్కడినుంచి వచ్చింది? అదెంత దూరం వెళ్ళింది, ఎక్కడ ఆగిపోయింది? ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆనర్స్ అనే మాట సంగతి చూద్దాం. డిగ్రీలో అందరూ ఒకటి కాదు, కొందరికి ప్రత్యేకమైన గౌరవం ఇవ్వాలన్న ఆలోచన ఆక్స్‌ఫర్డ్‌లో 1800లో వచ్చిన పరీక్షల చట్టంతో గట్టిపడింది. అంతకుముందు అక్కడి పరీక్షలు చాలావరకు మొక్కుబడి తంతు. కొత్త చట్టంతో మామూలుగా పాసయ్యేవాళ్ళు వేరు, ఆనర్స్ కోసం కూర్చునేవాళ్ళు వేరు అయ్యారు. 1808లో రాబర్ట్ పీల్ క్లాసిక్స్‌లోనూ లెక్కల్లోనూ రెండు ఫస్టులు తెచ్చుకున్నాడు. తర్వాత ఆయన ఇంగ్లండ్ ప్రధాని అయ్యాడు. దాంతో ఆనర్స్ అంటే రేపటి పాలకుల జాబితా అనే పేరొచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ ఆక్స్‌ఫర్డ్ క్రైస్తవ విశ్వవిద్యాలయం. చేరేటప్పుడే ఆంగ్లికన్ చర్చి ముప్పైతొమ్మిది సూత్రాలకు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. 1854 దాకా ఆ సంతకం లేకుండా బి.ఏ. లేదు. మిగతా మతపరమైన అడ్డంకులు చాలావరకు 1871లో పోయాయి. ఏది నమ్మాలో తలుపు దగ్గరే తేల్చేసి, లోపలికి వెళ్ళాక బాగా ఆలోచించినవాడికి గౌరవం ఇచ్చేవారు. అసలు ప్రశ్న మీద ఆలోచించడం మాత్రం కుదరదు.

మద్రాసులో కథ తిరగబడింది. అక్కడ తలుపు దగ్గర సంతకం లేదు. క్లాసులో బైబిలు పాఠం ఉంటుంది. వినేవాళ్ళలో ఎక్కువమంది హిందువులు, అందులోనూ బ్రాహ్మణులు.

1837లో జాన్ ఆండర్సన్ అనే మిషనరీ మద్రాసులో పెట్టిన బడి ఇది. 1862లో విలియం మిల్లర్ అనే ఇరవైనాలుగేళ్ళ స్కాట్ యువకుడు వచ్చి దాన్ని కాలేజీగా పెంచాడు. 1877లో దానికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అనే పేరు వచ్చింది. 1907 దాకా ఆయనే ప్రిన్సిపాల్. మధ్యలో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా చేశాడు. చదువు చెబితే అగ్రవర్ణాల కుర్రాళ్ళు క్రైస్తవంలోకి వస్తారన్నది మిషన్ పెద్దల మొదటి లెక్క. వాళ్ళు వచ్చారు, చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. మతం మారినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మిల్లర్ దాన్ని ఓటమి అనుకోలేదు. కాలేజీ పని మనుషుల్ని మార్చడం కాదు, ఆలోచనలను సమాజంలోకి మెల్లగా ఇంకించడం అన్నాడు. చందా డబ్బులతో హిందువుల పిల్లలకు షేక్‌స్పియర్ చెప్పడమేమిటని అడిగిన మిషన్ వాళ్ళూ ఉన్నారు. మిల్లరేమో షేక్‌స్పియర్ నాటకాల్లోని నీతి మీద ఏకంగా పుస్తకమే రాశాడు.

ఇంకో చిక్కుంది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టింది. అది పాఠం చెప్పదు, పరీక్ష పెడుతుంది. కాలేజీలో ఎవరేం చెప్పినా పేపరు ఇంకొకరు సెట్ చేస్తారు. దాని ఫలితం ఏమిటో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. నోట్సు, గైడు, బట్టీ. బి.ఏ. ఆనర్స్ అనే ప్రత్యేక కోర్సు 1904 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత గానీ రాలేదు. అందులో ఇంటర్మీడియెట్ అయ్యాక మామూలు బి.ఏ. రెండేళ్ళు, ఆనర్స్ మూడేళ్ళు. మన తాతల తరంలో ఇంటి ముందు బోర్డుమీద పేరు పక్కన బ్రాకెట్లో ఆనర్స్ అని రాసుకునేవాళ్ళు ఆ మూడో ఏడు సంపాదించుకున్నవాళ్ళే. రాధాకృష్ణన్ చదివిన రోజులకు ఆ కోర్సు లేదు. అయినా మనం ఆనర్స్ అనుకునే పని, అంటే ఒక విషయాన్ని పట్టుకుని సొంతంగా వాదం కట్టి నిలబెట్టడం, ఆ కాలేజీలో అప్పటికే మొదలైపోయింది.

దీనికి మన తెలుగువాళ్ళే సాక్ష్యం. రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడే బి.ఏ., ఎం.ఏ. చదివారు. మిల్లర్ ప్రభావం తనమీద చాలా ఉందని చెప్పుకున్న మనిషి. క్రైస్తవుడు మాత్రం కాలేదు, బ్రహ్మసమాజం వైపు వెళ్ళారు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఒక తరాన్ని తయారుచేశారు. కట్టమంచి రామలింగారెడ్డి అక్కడి విద్యార్థే. ‘ముసలమ్మ మరణము’ రాసింది అక్కడ చదువుకుంటున్నప్పుడే, కాలేజీలోని తెలుగు సమాజం పెట్టిన పోటీ కోసం. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన రెడ్డి కోడలి కథ అది. మిషనరీ కాలేజీ పోటీకి ఊరిదేవతకు బలైన కోడలి కథ రాసి బహుమతి తెచ్చుకున్నాడంటే, ఆ చోట ఎంత ఖాళీ ఉండేదో ఊహించుకోవచ్చు. అదే మనిషి తర్వాత 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’తో పింగళి సూరనను పట్టుకుని తెలుగు విమర్శను ఒక కుదుపు కుదిపాడు. గౌరవించాలంటే పొగడక్కర్లేదు, తర్కించొచ్చు అన్న పాఠం ఎక్కడో నేర్చుకునే ఉంటాడు కదా.

రాధాకృష్ణన్ దగ్గరికి వద్దాం. తిరుత్తణిలో పుట్టారు. తిరుపతి లూథరన్ మిషన్ బడి, వేలూరు వూర్హీస్ కాలేజీ, 1904 నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అంటే చిన్నప్పటినుంచీ మిషన్ బడుల్లోనే. ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నారో తెలుసా? డబ్బు ఇబ్బంది. అదే కాలేజీలో చదివిన కజిన్ ఒకాయన తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చారు. పుస్తకాలు ఉచితం కాబట్టి సబ్జెక్టు ఖాయమైంది. ఎంసెట్ ర్యాంకు ఏ బ్రాంచి ఇస్తే అది చదివిన నాలాంటివాళ్ళకు ఈ ముక్క చాలా ధైర్యాన్నిస్తుంది.

హాగ్ మద్రాసు వచ్చింది 1903లో. కాలేజీ పత్రికలో 1904-05ల్లో కర్మ సిద్ధాంతం మీద వరుసగా వ్యాసాలు రాశాడు. 1909లో అవి ‘కర్మ అండ్ రిడెంప్షన్’ అనే పుస్తకంగా వచ్చాయి. హిందువుల కర్మ సిద్ధాంతాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకుండా, దాని తర్కం దానికుందని ఒప్పుకుని, ఆ తర్వాత దానితో పేచీ పెట్టుకున్న పుస్తకం. కర్మ లెక్క న్యాయస్థానం లెక్కలాంటిది, నీతి అంతకన్నా లోతైనది అని స్థూలంగా ఆయన వాదం. అదే సమయంలో రాధాకృష్ణన్ ఆయన క్లాసులో కూర్చుని ఉన్నారు. అంటే గురువు హిందూమతంతో బహిరంగంగా వాదిస్తున్నాడు, శిష్యుడు వింటున్నాడు, నోట్సు రాసుకుంటున్నాడు, మనసులో ఎదురు వాదం కట్టుకుంటున్నాడు.

క్రైస్తవుల విమర్శ తన గర్వాన్ని గాయపరిచిందనీ, హిందూమతంలో బతికున్నదేదో చచ్చిపోయినదేదో వెతకాలన్న పట్టుదల దానివల్లే పుట్టిందనీ రాధాకృష్ణన్ తర్వాత రాసుకున్నారు. వివేకానందుడి మాటలు అప్పటికే ధైర్యాన్నిచ్చి ఉన్నాయి. ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. గాయపడ్డ కుర్రాడు కాలేజీ మీద రాళ్ళు వెయ్యలేదు, చదువు మానేసి పోలేదు. వాళ్ళు నేర్పిన కాంట్‌నీ, వాళ్ళు నేర్పిన ఇంగ్లీషునీ తీసుకుని వాళ్ళకే జవాబు రాశాడు. ఆ జవాబు చదివి మార్కులు వేసే నిబ్బరం వాళ్ళకూ ఉంది.

హాగ్‌కి ఆ నిబ్బరం ఎలా వచ్చిందంటే, ఆయన జీవితంలో ఒక జవాబు దొరుకుతుంది. ఎడింబరోలో మతవిద్య చదువుతుండగా ఆయనకే విశ్వాసం సడలింది. చదువు మధ్యలో ఆపేశాడు. తర్వాత మెల్లగా తనదైన దారిలో నమ్మకం కూడదీసుకుని, పాదరీగా కాకుండా మామూలు ఉపాధ్యాయుడిగా ఇండియా వచ్చాడు. సందేహం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఇంకొకరి సందేహాన్ని చూసి కంగారుపడడు.

ఇంతవరకూ బానే ఉంది. ఇప్పుడు రెండు అభ్యంతరాలు చెప్పుకోవాలి.

మొదటిది ఆ థీసిస్ గురించే. జవాబు రాధాకృష్ణన్‌ది, సరే. ప్రశ్న ఎవరిది? వేదాంతానికి నీతి ఉందా అని అడిగినప్పుడు ఆ నీతి అన్న మాటకు అర్థం యూరప్‌లో తయారైంది. ఉంది అని నిరూపించడానికి కూర్చున్నవాడు ఆ అర్థాన్ని ఒప్పుకుని కూర్చున్నట్టే. శంకరుడు అసలు ఆ ప్రశ్న అలా వేసుకునేవాడా? రాధాకృష్ణన్ రాసిన చాలా పుస్తకాల్లో ఈ డిఫెన్స్ లాయరు గొంతు వదలదు. మంచి పరీక్ష మనిషిని పదును పెడుతుంది. ఏ ప్రశ్నలు వేసుకోవాలో కూడా అదే నేర్పేస్తుంది. ఆ రెండో పని జరిగిందని చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు.

రెండో అభ్యంతరం పెద్దది. ఈ గౌరవం ఎవరికి అందింది? మిల్లర్ కాలేజీ అగ్రవర్ణాలను ఎంచుకుని పనిచేసింది. అదే కాలంలో కోస్తాలో ఇంకో క్రైస్తవం నడిచింది. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఒంగోలు చుట్టుపక్కల ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఈ రెండూ వేర్వేరు మిషన్‌లే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. మతంలోకి రానివాళ్ళకు కాంట్, షేక్‌స్పియర్. వచ్చినవాళ్ళకు చాలావరకు ఊరిబడి, అక్షరాలు, బైబిలు. ఆ అక్షరాలు తక్కువవని అనను, తరతరాలుగా ఎవరూ ఇవ్వనివి అవి. కానీ గురువుతో వాదించే హక్కు అక్షరాల దగ్గర మొదలవదు. అది ఆనర్స్ గదిలో దొరుకుతుంది. ఆ గది దాకా దారి లేదు.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబం వాడు. గుంటూరులో లూథరన్‌లు పెట్టిన కాలేజీ 1885 నుంచే ఉంది. జాషువా అదే ఊళ్ళో లూథరన్ మిషన్ బడిలో పంతులుగా పనిచేశాడు. ‘గబ్బిలం’లో శివుడికి కబురంపిన అంటరానివాడి వాదన చదివినవాళ్ళకు తెలుసు, అది వేదాంతానికి నీతి ఉందా అన్న ప్రశ్నే. ఈసారి అడిగింది మిషనరీ కాదు. ఎవరి ఆకలి పట్టలేదో ఆ మనిషే వచ్చి అడిగాడు. ఆ ప్రశ్నకు 1908 థీసిస్ దగ్గర జవాబు లేదు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అయితే నా నీడ నీకు ఎందుకు మైల అని అడిగితే తర్కం చాలదు. జాషువాకు తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ఆనర్స్ అన్నా గౌరవమే, కళాప్రపూర్ణ అన్నా గౌరవమే. ఒకటి ఇరవయ్యేళ్ళప్పుడు దొరుకుతుంది, ఇంకొకటి జీవితమంతా అయ్యాక.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1926లో అది మొదలైనప్పుడు మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి. 1931 నుంచి 1936 దాకా రాధాకృష్ణన్. ఆ తర్వాత మళ్ళీ కట్టమంచి. 1925-28ల్లో మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ వెంకటరత్నం నాయుడు. అంటే మన ఉన్నత విద్య పునాదుల దగ్గర ముగ్గురు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ కుర్రాళ్ళున్నారు. ముగ్గురిలో ఒక్కరూ క్రైస్తవుడు కాదు. మిల్లర్ చెప్పిన ఇంకడం అంటే ఇదేనేమో. రాధాకృష్ణన్ వాల్తేరులో ఉన్న రోజుల్లో హుమాయూన్ కబీర్, ఆక్స్‌ఫర్డ్ నుంచి కొత్తగా వచ్చిన హీరేన్ ముఖర్జీ లాంటి యువకులు అక్కడ పాఠాలు చెప్పారు. హీరేన్ ముఖర్జీ తర్వాత కమ్యూనిస్టు ఎంపీ అయ్యాడు. తనతో ఏకీభవించనివాళ్ళకు చోటివ్వడం రాధాకృష్ణన్‌కి తెలుసు.

అయితే థీసిస్‌ల విషయంలో ఆయన కథ అంత నున్నగా లేదు. 1929లో కలకత్తాలో జదునాథ్ సిన్హా అనే పరిశోధకుడు, తన థీసిస్‌లోని భాగాలను రాధాకృష్ణన్ తన ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండో సంపుటంలో వాడుకున్నారని ఆరోపించి కోర్టుకెక్కాడు. రాధాకృష్ణన్ పరువునష్టం దావా వేశారు. 1933లో ఇద్దరూ కోర్టు బయట రాజీపడ్డారు. తీర్పంటూ రాలేదు కాబట్టి మనం తీర్పు చెప్పకూడదు. కానీ కుర్రవాడి కాగితాలు పెద్దవాడి బల్లమీదికి వెళ్ళినప్పుడు అక్కడ ఎంత నమ్మకం కావాలో ఈ కేసు చూస్తే తెలుస్తుంది. హాగ్ ఇచ్చిన ఆ చిన్న సర్టిఫికెట్ విలువ నాకు ఈ కేసు చదివాకే బాగా అర్థమైంది.

హాగ్ చివరికి ఏమయ్యాడు? 1928 నుంచి 1938 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. కాలేజీని తాంబరానికి మార్చింది ఆయన హయాంలోనే, 1937లో. మరుసటి ఏడు అక్కడే ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. హెండ్రిక్ క్రేమర్ అనే డచ్ పండితుడు క్రీస్తు వెలుగుకీ ఇతర మతాలకీ మధ్య వంతెన లేదన్న వాదంతో వచ్చాడు. హాగ్ కాదన్నాడు. క్రైస్తవం బయట వెతుకులాట మాత్రమే ఉందనుకోవడం తప్పు, దొరకడం కూడా ఉంది అన్నది ఆయన మాట సారం. ముప్పైఅయిదేళ్ళు మద్రాసు కుర్రాళ్ళ పేపర్లు దిద్దినవాడు ఆ మాట అన్నాడు. గురువును కూడా క్లాసు మారుస్తుందని నా ఊహ.

సముద్రం అవతల ఇంకో ప్రయోగం జరిగింది. ఫిలడెల్ఫియా దగ్గర క్వేకర్లు 1864లో పెట్టిన స్వార్త్‌మోర్ కాలేజీకి 1921లో ఫ్రాంక్ ఐడెలాట్ అధ్యక్షుడయ్యాడు. రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన మనిషి. 1922లో ఆనర్స్ మొదలుపెట్టాడు. చివరి రెండేళ్ళు మామూలు క్లాసులు ఉండవు. అయిదారుగురు కూర్చునే సెమినార్లు, వారం వారం సొంత పేపర్లు. ఆఖర్న బయటి కాలేజీలనుంచి పరీక్షకులు వచ్చి రాతపరీక్ష, మౌఖిక పరీక్ష పెడతారు. బయటి పరీక్ష మద్రాసులోనూ ఉంది, కానీ అక్కడ బట్టీని పుట్టించింది. ఇక్కడ గురుశిష్యుల్ని ఒక జట్టు చేసింది. తేడా పరీక్షలో లేదు, పరీక్షకు ముందు ఆ రెండేళ్ళు ఎలా గడిచాయన్నదాంట్లో ఉంది. నీ పేపరు ఎవరైనా నిజంగా చదివారా లేదా అన్నదే అసలు తేడా.

నా ఇంజినీరింగ్ ఆఖరి ఏడు ప్రాజెక్టు మేం నలుగురం కలిసి కొన్నాం. సిగ్గుపడాల్సిన మాటే, అప్పుడు సిగ్గనిపించలేదు. గోల్డ్ కలర్ అక్షరాలతో బైండింగ్ చేయించాం. వచ్చిన ఎక్స్‌టర్నల్ ఆ బైండు తెరవకుండానే సంతకం పెట్టాడు. మేం మోసం చేశాం, ఆయన మోసపోయినట్టు నటించాడు, అందరం పాసయ్యాం. నేను రాసింది ఒకరు పట్టించుకుని చదవడం మొదటిసారి ఉద్యోగంలో చూశాను. కోడ్ రివ్యూలో ఒక సీనియర్, “నేనైతే ఇలా రాయను. కానీ నీ పద్ధతిలో ఇది కరెక్టే, మెర్జ్ చేసెయ్” అని కామెంటు పెట్టాడు. ఆ రోజు హాగ్ ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు తెలిశాక ఆ కామెంటే గుర్తొస్తుంది.

కొత్త విద్యావిధానంలో నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్ళు నాలుగో ఏడు రీసెర్చ్‌తో ఆనర్స్ చెయ్యొచ్చంటున్నారు. మంచిదే. పేరు పక్కన బ్రాకెట్ మళ్ళీ రాబోతోంది. ఆ థీసిస్‌లు చదవడానికి ఎవరు కూర్చుంటారు, ఒక్కొక్కరి బల్లమీద ఎన్ని పడతాయి, వాటిలో తన నమ్మకాన్ని కాదన్న కాగితం కనబడితే ఆ మనిషి ఏం చేస్తాడు? ఈసారి జాషువా మనవళ్ళు, మనవరాళ్ళు కూడా ఆ గదిలో ఉంటారు. వాళ్ళు వేసే ప్రశ్నలు 1908 నాటి ప్రశ్నలకన్నా గట్టివే అయ్యుంటాయి.